గాలిమర రెక్కయు నమ్మకమైన పరీక్షయు

మానవుడు కట్టిన ప్రతి వస్తువునకును ఇద్దరు శత్రువులు కలరు. ఒకడు దెబ్బ, రెండవవాడు అలసట. దెబ్బ ఒక్క దినమున వచ్చును; దాని పేరు, తేది, గంట మనకు జ్ఞాపకముండును. అలసట ప్రతిదినమును వచ్చును. దానికి పేరు లేదు, తేది లేదు. మన ఉత్తరాంధ్ర తీరవాసులకు మొదటి శత్రువు బాగుగా తెలిసినవాడే. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదిన విశాఖపట్టణముపై పడిన హుద్‌హుద్ తుపానును, 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదిన పలాస ప్రాంతమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను నేలగూల్చిన తిత్లీ తుపానును మరచిన ఇల్లు మన రెండు జిల్లాలలో లేదు. రెండవ శత్రువును గూర్చి మాత్రము మనము చాల తక్కువగా తలంచుచున్నాము.

ఆ రెండవ శత్రువును ముందుగా కనిపెట్టుటకై గాలిమరల రెక్కలను ఎట్లు పరీక్షింతురో, ఆ పరీక్షలో నియంత్రణ వ్యవస్థ యనబడు భాగము ఎంతటి బాధ్యత వహించునో ఈ వ్యాసమున తెలుపదలచితిమి. ఇంత దూరపు సంగతి పాఠశాల సంచికకు ఎందుకని కొందరు శంకింపవచ్చును. ఆ పరీక్షాశాలకును, మన ప్రయోగశాలలో విద్యార్థులు వ్రాయు రికార్డు పుస్తకమునకును దగ్గరి చుట్టరికము కలదని మా అభిప్రాయము. దానిని చివరకు విన్నవించెదము.

గాలిమరలను మనవారిలో అనేకులు తిరుమల కొండలమీదనో, పూర్వపు అనంతపురము జిల్లాలోని రామగిరి కొండలమీదనో చూచియుందురు. గాలివలన విద్యుత్తు పుట్టించు ఈ యంత్రముల మొత్తము శక్తి భారతదేశమున 2025వ సంవత్సరము మార్చి మాసాంతమునకు 50,000 మెగావాట్లు దాటినది. అందు ఆంధ్రప్రదేశపు వంతు సుమారు 4,000 మెగావాట్లు. దూరమునుండి చూచువారికి ఆ రెక్కలు తెల్లని కాగితపు ముక్కలవలె తేలికగా కనబడును. కాని ఒక్కొక్క రెక్క 60 మీటర్లు, అనగా దాదాపు 200 అడుగుల పొడవు ఉండుట నేడు సామాన్యము. గాజునారతో నేసిన గుడ్డను పొరలు పొరలుగా అచ్చులో పరచి, ఎపాక్సీ వంటి జిగురును ఆ పొరలలోనికి పీల్పించి గట్టిపరతురు. ఇట్లు చేసిన రెండు డిప్పలను, లోపల నిలుపు దూలముతో కూడ, అంటించి ఒక్క రెక్కగా చేయుదురు. మొదలు గుండ్రముగా, బలముగా ఉండును. కొన పలుచనై కత్తివలె ఉండును.

ఇట్టి రెక్కకు జీవితకాలమున తగులు శ్రమ ఎంతో లెక్కించి చూడుడు. నిమిషమునకు 12 చుట్లు తిరుగు గాలిమర ఒక్క సంవత్సరము ఆగక తిరిగినచో 63 లక్షల చుట్లు తిరుగును. ఇరువది సంవత్సరములకు అది 12 కోట్ల 60 లక్షలగును. గాలి లేని వేళలను, మరమ్మతు దినములను తీసివేసినను పది కోట్లకు దగ్గరగానే నిలుచును. ఒక్కొక్క చుట్టునందును రెక్క తన బరువువలన ఒకసారి ఈ అంచువైపునకు, ఒకసారి ఆ అంచువైపునకు వంగును. అదిగాక ఎదురుగా వీచు గాలి దానిని వెనుకకు త్రోయుచు, సడలించుచు నుండును. వీనిలో ఏ ఒక్కటియు రెక్కను విరుచునంతటి దెబ్బ కాదు. అయినను అన్నియు కలిసి దానిని లోలోపల అలయజేయును.

అలసట యననేమో పిల్లలకు తెలియనిది కాదు. ఒక ఇనుప తీగను రెండు చేతులతో లాగి త్రెంపుట బలవంతునికైనను కష్టము. దానినే ఒకచోట ముందుకు వెనుకకు పలుమారు వంచినచో చిన్నబిడ్డ చేతిలోనే విరిగిపోవును. జర్మనీ దేశపు రైల్వే ఇంజనీరగు అగస్టు వోలర్ 1850, 1870 సంవత్సరముల నడుమ రైలుబండి ఇరుసులపై పరీక్షలు జరిపి దీనిని శాస్త్రముగా నిలిపెను. ఒక్కసారిగా మోపినచో ఇరుసు సుఖముగా భరించు బరువే, మరల మరల తగిలినచో దానిని విరుచునని ఆయన చూపెను. బరువు ఎంత తక్కువయైన విరుగుటకు పట్టు మార్లు అంత హెచ్చుననియు చూపెను. మన రైలుస్టేషనులలో పూర్వము ఒక నౌకరు పొడవైన సుత్తి చేతబట్టి, ఆగిన బండి చక్రములను ఒక్కొక్కటిగా కొట్టి, మ్రోత విని ముందుకు సాగుట పెద్దలు ఎరుగుదురు. చక్రము పగిలియున్నచో దాని పలుకు మారును. సంతలో కుండ కొనునట్టి అవ్వయు అదే శాస్త్రము నెరుగును. వ్రేళ్లతో కొట్టి చూచి, కంగుమన్నచో కొనును, బొద్దుమన్నచో విడుచును.

ఈ పలుకును గూర్చిన జ్ఞానమే రెక్కల పరీక్షకు మూలము. ప్రతి వస్తువునకును తనదైన ఒక ఊపు వేగము కలదు. దానిని సహజ పౌనఃపున్యమందురు. కుండకు, గంటకు అది చెవికి వినబడు స్వరము. 60 మీటర్ల రెక్కకు అది కంటికి కనబడు ఊపు. సెకనుకు ఒకటికంటె తక్కువ. రెక్క బిగువు తగ్గిన కొలది ఆ ఊపు మెల్లబడును.

విజయనగరము పైడితల్లి పండుగలో సిరిమానును చూడనివారు మన ప్రాంతమున అరుదు. ఆ ఉత్సవపు మతవిషయము ఇచట ప్రసక్తము కాదు. మానును మాత్రము తలచుకొనుడు. ఒక కొన బండిపై కట్టబడి, రెండవ కొన ఆకాశమునకు లేచి, ఆ కొనపై మనిషి కూర్చుండియుండగా అది వీధులలో ఊగుచు పోవును. గాలిమర రెక్కకును అదే స్థితి: మొదలు బిగింపబడి, కొన గాలిలో నుండును. అయితే సిరిమాను ప్రతి సంవత్సరమును క్రొత్త చింతమానుతో చేయబడును గనుక దానికి అలసట భయము లేదు. గాలిమర రెక్కయో ఒక్కసారి పైకెక్కిన పిదప ఇరువది ఏండ్లు దిగరాదు. కావున దాని ఇరువది ఏండ్ల అలసటను అది పైకెక్కకమునుపే కొన్ని మాసములలో దానిచేత అనుభవింపజేసి చూడవలయును.

ఇట్టి పరీక్షకు అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘమువారు 2014వ సంవత్సరమున ప్రకటించిన ప్రమాణమొకటి కలదు. దాని సంఖ్య 61400-23. దాని ప్రకారము మొదట రెక్కను నిలకడ బరువుతో వంచి చూతురు. ఇది తుపాను దెబ్బకు ప్రతినిధి. తరువాత లక్షలకొలది ఊపులతో అలయింతురు. అటుపిమ్మట మరల నిలకడ బరువుతో వంచి, అలసిన తరువాతను బలము మిగిలియున్నదా యని చూతురు. 2019వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో షెర్బూర్గ్ పట్టణమున 107 మీటర్ల రెక్క తయారైనప్పుడు, పరీక్షార్థము ఒక రెక్కను ఓడమీద ఇంగ్లండులోని బ్లైత్ పట్టణమునకు పంపిరి. అంత పొడవు రెక్కను నిలిపి ఊపుటకు తగిన శాలలు ప్రపంచమున కొన్నియే కలవు.

పరీక్షాశాలలో రెక్క మొదలును కాంక్రీటు దిమ్మవంటి బలమైన ఆధారమునకు బోల్టులతో బిగింతురు. రెక్కపై ఒక బరువును ఎక్కించి యంత్రముతో దానిని ఆడింతురు. ఆ ఆట రెక్క సహజపు ఊపుతో కలిసినచో స్వల్పబలముతోనే కొన అనేక మీటర్లు ఊగును. అట్లతద్దినాడు చెట్టుకొమ్మకు వేసిన ఊయలను ఊపునట్టి ఆడపిల్లలకు ఈ రహస్యము తెలియును. వేళ తెలిసి త్రోసినచో చిన్న చేయి చాలును. వేళ తప్పి త్రోసినచో పెద్ద బలమును వ్యర్థమై ఊపు చెడును. శాస్త్రము చెప్పునది ఇంతే: రెక్క నడిమికి వచ్చి మిక్కిలి వేగముగా పోవు వేళ త్రోపు మిక్కిలి బలముగా నుండవలెను, కొనకు చేరి ఆగిన క్షణమున త్రోపు లేకుండవలెను. అనగా త్రోపునకును ఊపునకును నడుమ పూర్తి ఊపులో నాలుగవ వంతు ఎడము ఉండవలెను.

ఈ ఎడమును రాత్రింబవళ్లు కాపాడుటయే నియంత్రణ వ్యవస్థ మొదటి పని. రెక్కపై అంటించిన స్ట్రెయిన్ గేజి యను పలుచని కొలమానములు రెక్క ఎంత సాగినది, ఎంత ముడిగినది ప్రతిక్షణము తెలుపుచుండును. యంత్రము ఆ కొలతను కోరిన కొలతతో పోల్చి చూచును. ఊపు తగ్గినచో బరువు ఆటను పెంచును, హెచ్చినచో తగ్గించును, వేళ తప్పినచో ఆట వేగమును సరిదిద్దును. ఇది చెప్పుటకు సులభము, చేయుట కష్టము. ఏలయన పరీక్షింపబడు వస్తువు నిన్నటివలె నేడుండదు. మధ్యాహ్నపు వేడికి జిగురు కొంత మెత్తబడును. రాత్రి చలికి బిగియును. దినములు గడచిన కొలది రెక్కలో సన్నని బీటలు పుట్టి దాని బిగువు తగ్గును. కుండ పలుకు మారినట్లే రెక్క ఊపు వేగమును మారును.

ఇచటనే అసలు చిక్కు కలదు. మొదటి దినమున అమర్చిన వేగముతోనే యంత్రము కన్నులు మూసికొని త్రోయుచుండినదనుకొనుడు. రెక్క బలహీనమై దాని వేగము మారగా త్రోపు తప్పు వేళ తగులును; ఊపు చిన్నదగును. ఊపులను లెక్కించు గడియారము మాత్రము లక్ష, రెండు లక్షలు అని లెక్కించుచునే పోవును. అనగా రెక్క చెడుచున్నకొలది పరీక్ష తేలికయగుచుండును! చివరకు కాగితముమీద పది లక్షల ఊపులు పూర్తియగును. రెక్క నెగ్గినదని ముద్ర పడును. అబద్ధమాడినవాడు ఎవడును లేడు. అయినను కాగితము అబద్ధము చెప్పును.

ఇందువలన కలుగు నష్టము స్వల్పమనుకొనరాదు. పది కోట్ల చిన్న భారములకు బదులుగా కొన్ని లక్షల పెద్ద భారములను మోపుటవలననే ఈ పరీక్ష మాసములలో ముగియుచున్నది. సెకనుకు 0.6 ఊపుల చొప్పున ఆగక ఊపినను పది లక్షల ఊపులకు 19 దినములు పట్టును. కొన్ని పదుల లక్షల ఊపులు, అవియు రెండు దిక్కులయందును చేయవలసియుండుటచేత మాసములు గడచును. గాజునార రెక్కలకు సాధారణముగా వాడు లెక్క ప్రకారము, హాని భారముయొక్క పదవ ఘాతమును అనుసరించి పెరుగును. మన పదవ తరగతి విద్యార్థులు దీనిని తామే చేసి చూడవచ్చును. భారము నూటికి 10 పాళ్లు హెచ్చినచో హాని 2.6 రెట్లగును. నూటికి 5 పాళ్లు మాత్రమే తగ్గినచో హాని నూటికి 60 పాళ్లకు పడిపోవును. అనగా కొలతలో అయిదు పాళ్ల అశ్రద్ధవలన పది లక్షల ఊపులు ఆరు లక్షల ఊపుల పనిని మాత్రమే చేయును. మిగిలిన నాలుగు లక్షలు కాగితముమీదివే. అటులనే 5 పాళ్లు హెచ్చించినచో హాని నూటికి 63 పాళ్లు అధికమై, మంచి రెక్కను అన్యాయముగా చంపినట్లగును. కావున నియంత్రణ వ్యవస్థ కఠినుడును కారాదు, దయాళువును కారాదు, న్యాయవంతుడు కావలెను.

మరియొక సంగతి కలదు. ఊపును కొలుచు స్ట్రెయిన్ గేజియు రెక్కతోపాటు లక్షలమార్లు సాగి ముడుగుచున్నది; అదియు అలసిపోవును. అలసిన గేజి ఊపును తక్కువగా చూపినచో, యంత్రము దాని మాట నమ్మి రెక్కను మరింత బలముగా ఊపి చెరుపును. అందుచే తెలివిగలవారు ఒక్క గేజిని నమ్మరు. వేర్వేరు చోట్ల పెక్కు గేజిలను అంటించి, వేరొక సాధనముతో కొన కదలికను కూడ కొలిచి, అన్నిటి సాక్ష్యమును పోల్చి చూతురు. సాక్ష్యములు కలియనప్పుడు యంత్రము తానే ఆగి మనుష్యుని పిలుచునట్లు ఏర్పరతురు. ఒక్క సాక్షి మాటపై ఎవనికిని తీర్పు చెప్పరాదను న్యాయము పరిశుద్ధ గ్రంథములోను కలదు. ఇంజనీర్లు ఆ న్యాయమునకు వేరొక మార్గమున వచ్చిరి.

నమ్మకములేని పరీక్ష చేసిన కీడునకు చరిత్రలో గొప్ప దృష్టాంతము కామెట్ విమానము. ఇంగ్లీషువారు నిర్మించిన ఆ జెట్ విమానములు రెండు 1954వ సంవత్సరము జనవరి 10వ తేదిన ఎల్బా ద్వీపము చెంతను, ఏప్రిలు 8వ తేదిన నేపుల్స్ చెంతను గాలిలోనే విచ్ఛిన్నమై సముద్రమున పడినవి. వానిలో మొదటిది 1,290 ప్రయాణములు, రెండవది 900 ప్రయాణములు మాత్రమే చేసియుండెను. అయితే అంతకుముందు అదే తరహా విమానపు గదిని పరీక్షించినప్పుడు అది 16,000 మార్లకు మించి ఒత్తిడిని భరించినది! ఇంత భేదమేల? అలసట పరీక్షకు పెట్టిన ఆ గదిపైననే, అంతకుముందు నిలకడ పరీక్షలో మామూలుకంటె రెట్టింపు ఒత్తిడిని మోపియుండిరి. ఆ పెద్ద ఒత్తిడివలన కిటికీల మూలలలోని లోహము స్థిరరూపము చెంది అలసటకు బలపడినది. అమ్మకమునకు పోయిన విమానములకు ఆ భాగ్యము లేదు. దుర్ఘటనల పిదప ఫార్న్‌బరోలో సంస్థవారు పూర్తి విమానమును నీటితొట్టిలో నుంచి మరల పరీక్షింపగా, ఎగిరినవియు తొట్టిలోనివియు కలిపి 3,057 ప్రయాణములకే అది పగిలినది. మొదటి పరీక్ష చేసినవారు ద్రోహులు కారు, శ్రమపడినవారే. పరీక్షింపబడిన వస్తువు అమ్మబడిన వస్తువువంటిది కాదని వారికి తోచలేదు. ఆ అమాయకపు లెక్కకు అనేక కుటుంబములు మూల్యమిచ్చినవి.

గాలిమరల విషయమునను వ్యయము స్వల్పము కాదు. మన దేశపు సుజ్లాన్ కంపెనీ అమెరికాలో నిలిపిన గాలిమరల రెక్కలు కొన్నిటియందు బీటలు కనబడగా, 2008వ సంవత్సరమున 1,251 రెక్కలను బలపరచు కార్యమునకు ఆ కంపెనీవారు పూనుకొనవలసివచ్చెను. ఎత్తైన స్తంభముపైనున్న రెక్కను క్రేనుతో దించి, బాగుచేసి, మరల ఎక్కించుట యెంతటి పనియో ఊహింపుడు. బీట పరీక్షాశాలలో ఒక్క రెక్కయందు కనబడుట మేలో, పొలములలో వేయి రెక్కలయందు కనబడుట మేలో పాఠకులే నిర్ణయింతురు గాక.

ఈ మాటలకు ఇద్దరు ఆక్షేపణ చెప్పుదురు. మొదటివాడు, ఎంతో ధనముతో చేసిన రెక్కను నెలలకొలది ఊపి చెరుపుట దుబారా కాదా యనును. వరి కోతకు వచ్చినప్పుడు రైతు నాలుగు వెన్నులు కోసి, నలిపి, గింజ గట్టిపడినదో లేదో చూచును. ఆ నాలుగు వెన్నులను దుబారా యనువాడు లేడు. రెండవవాడు, నేడు కంప్యూటరులు సర్వమును లెక్కింపగలవు గదా, ఊపుట ఎందుకనును. కంప్యూటరు గొప్ప పనివాడే. మేము దానిని తక్కువచేయము. కాని దానికి మనమిచ్చిన సంఖ్యలనే అది లెక్కించును. అచ్చులో పరచునప్పుడు గుడ్డ ఎచట ముడతపడినది, రెండు డిప్పల నడుమ జిగురు ఎచట పలుచబడినది అను సంగతులను రెక్కయే చెప్పవలెను. దానిచేత చెప్పించునది పరీక్ష.

ఇక మేము వాగ్దానము చేసిన చుట్టరికమునకు వచ్చెదము.

మన జిల్లాల పాఠశాలలలోను, కళాశాలలలోను లోలకము ప్రయోగము చేయని విద్యార్థి లేడు. దారమునకు గుండు కట్టి, ఇరువది ఊపులకు పట్టిన కాలము చూచి, భూమి ఆకర్షణ విలువను కనుగొందురు. ఒక మీటరు దారమునకు ఒక్క పూర్తి ఊపునకు రెండు సెకనులు పట్టును. చివరకు రావలసిన విలువ 980 అని అందరికిని ముందే తెలియును. అందుచే ఎందరో విద్యార్థులు గడియారమును చూడక పుస్తకమును చూతురు. 980 వచ్చునట్లు కాలమును వెనుకనుండి లెక్కించి వ్రాయుదురు. ప్రక్కవాని రికార్డు చూచి దింపుకొనువారును కలరు. ఇది ఒక్క పాఠశాలలోని దోషము కాదు. ఫలితమునకే మార్కులు వేయు ప్రతి చోటను ఈ తెగులు పుట్టును.

గాలిమర రెక్కవలె లోలకమును ఊగునదే. దాని ఊపును కొలుచువాడు విద్యార్థి. అనగా ఆ గంటసేపు విద్యార్థియే నియంత్రణ వ్యవస్థ. కోరిన సంఖ్యను వ్రాసి ఊగిన ఊపును విడిచినవాడు, ఊపు తగ్గినను పది లక్షలని లెక్కించు గ్రుడ్డి గడియారమువంటివాడు. నేడు అతడు నష్టపరచునది ఒక రికార్డు పుస్తకము. అయితే ఈ బాలుడే కొలది సంవత్సరములలో పైడిభీమవరపు మందుల కర్మాగారములలోనో, విశాఖపట్టణపు ఉక్కు, ఓడల పనులలోనో, రైల్వేలోనో, దూరరాష్ట్రపు గాలిమరల చెంతనో కొలతలు వ్రాయు పనిలో కుదురును. మన ప్రాంతపు బిడ్డలు ఎంతమంది అట్టి పనులకు పోవుచున్నారో తల్లిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు. అక్కడ అతని చేతి సంఖ్యను నమ్మి మందు మ్రింగువాడు ఉండును. వంతెన దాటువాడు ఉండును. చేయి పాఠశాలలో నేర్చిన అలవాటును అచట విడువదు.

కాబట్టి మా అభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. ప్రయోగములయందు మార్కులు సరియైన విలువకు కాక, నిజమైన కొలతకు వేయవలెను. విద్యార్థి చూచిన సంఖ్యను చూచిన క్షణముననే సిరాతో వ్రాయవలెను. తప్పు తోచినచో చెరిపివేయక, చదువ వీలగునట్లు ఒక్క గీత గీసి ప్రక్కన కారణము వ్రాయవలెను. ఒకడు గడియారము చూడగా వేరొకడు ఊపులు లెక్కించి, ఇద్దరును సంతకము చేయవలెను. 955 వచ్చినవాడు 955 అనియే వ్రాసి, దారమును సరిగా కొలువలేదా, ఊపు వెడల్పు ఎక్కువైనదా యని విచారించినచో, 980 దింపుకొన్నవానికంటె అతనికి హెచ్చు మార్కులు రావలెను. నమ్మకమైన పరీక్షాశాలలలో జరుగునదియు ఇదే. ఊపు తగ్గిన దినమున దానిని దాచరు. ఆ దినపు ఊపులకు తగిన తక్కువ విలువనే కట్టి, మిగిలినదానిని మరునాడు పూర్తిచేయుదురు.

తల్లిదండ్రులకును ఒక మనవి. బిడ్డ ఇంటికి రాగానే ఎన్ని మార్కులని అడుగుట సహజమే. దానితోపాటు ఈ దినము ఏమి కొలిచితివి, ఎంత వచ్చినది, ఊహించినట్లు వచ్చినదా యని కూడ అడుగుడు. రాలేదని బిడ్డ నిర్భయముగా చెప్పగల ఇంటిలో సత్యము పెరుగును. అటులనే మన ఊరిలో వంతెనయో, నీటిట్యాంకో, రేపు మన తీరమున గాలిమరయో నిలుపబడినప్పుడు, పరీక్ష నెగ్గినదను మాటతో తృప్తి చెందక, ఏ భారముతో పరీక్షించిరి, ఎవరు కొలిచిరి, ఆ కొలతల పుస్తకము ఎక్కడ ఉన్నదని అడుగుట పౌరుల ధర్మమని తలంచుచున్నాము. ఇట్లు అడుగుట నిర్మించినవారిని అనుమానించుట కాదు. వారి శ్రమకు మర్యాద చేయుట.

పరిశుద్ధ గ్రంథము తూనికరాళ్లను గూర్చి, కొలపాత్రలను గూర్చి ఏల అంత కఠినముగా మాటలాడునని విద్యార్థులు కొందరు అడుగుచుందురు. కొలత యను వస్తువు బలహీనుల పక్షమున నిలుచు సాక్షి. అంగడికి పోయిన బీదవాడు త్రాసును నమ్మి చేయి చాచును; త్రాసు తప్పినచో అతనికి వేరు దిక్కు లేదు. గాలిమర క్రింద పొలము దున్నువాడును, విమానములో కూర్చున్న ప్రయాణికుడును తమకు తెలియని ఎవరో పరీక్షకుని చేతికి తమ ప్రాణములను అప్పగించినవారే. ఆ పరీక్షకుడు నేడు మన తరగతిగదిలో, చేతిలో గడియారముతో, లోలకము ముందర కూర్చుండియున్నాడు. అతడు చూచినదే వ్రాయుగాక.